మెత్తగానే ఉంది కదా అని ఇచ్చాను

పండుగకు ముందు రోజు సాయంత్రం మా అమ్మాయి వంటింట్లోకి వచ్చింది. ఏమీ మాట్లాడకుండా, పై పెదవి వేలితో పైకెత్తి చూపించింది. పళ్ళ వరస సరిచెయ్యడానికి వేయించిన క్లిప్పుల్లో, కుడివైపు కోరపన్ను పక్కనున్న పంటికి అతికించిన చిన్న ముక్క, బ్రాకెట్, పంటిని వదిలేసి తీగకు వేలాడుతోంది. వేలితో కదిపితే దారం మీద పూస జరిగినట్టు అటూ ఇటూ జరుగుతోంది. రెండో చేతిలో సగం కొరికిన టాఫీ ఉంది. దాని మీద పంటి గాటు లోతుగా దిగింది, గాటు అంచున టాఫీ సన్నటి పోగులా సాగి అలాగే గట్టిపడింది.

ఆ టాఫీ ఇచ్చింది నేనే.

అప్పటికి క్లిప్పులు వేయించి నాలుగు నెలలు. పిల్లకు పన్నెండేళ్లు. పైనా కిందా కలిపి 20 బ్రాకెట్లు, వెనక దవడ పళ్ళకు నాలుగు చిన్న గొట్టాలు, వాటన్నిటి గుండా ఒక తీగ. వేసిన రోజున డాక్టరు గారు చెప్పినవి మూడే మాటలు: గట్టివి వద్దు, అంటుకునేవి వద్దు, ముందు పళ్ళతో దేన్నీ కొరకొద్దు. నా బుర్రకు ఎక్కింది మాత్రం మొదటి మాటే. పండుగ దగ్గర పడగానే డబ్బాలన్నీ వెతికి గట్టివన్నీ తీసి అటక మీద పెట్టాను. బాదం పప్పులు, ముదురు పాకంలో వేసిన వేరుశనగ గింజలు, చప్పరించే గట్టి బిళ్ళలు, పాప్‌కార్న్ పొట్లాలు, అన్నీ. ఐస్ ముక్కలు నమిలే అలవాటుంది తనకు, అది కూడా మాన్పించాను. ఆ టాఫీని బొటనవేలితో నొక్కి చూశాను. వేలు దిగింది. మెత్తగానే ఉంది కదా, పాపం అన్నీ వద్దంటే ఎలా అని చేతిలో పెట్టాను.

ఆ రాత్రి ఏం చేశామో ముందు చెప్తాను. ఇలా జరిగినప్పుడు చాలామంది ఇళ్లలో కంగారుపడి చెయ్యకూడనివి చేస్తారు. ఊడిన బ్రాకెట్‌ను లాగెయ్యలేదు. చిన్న రబ్బరు రింగు దాన్ని తీగకు పట్టి ఉంచుతోంది, అది అలాగే ఉండడం మంచిది. ఊడొచ్చి చేతిలోకి వచ్చి ఉంటే ఒక చిన్న డబ్బాలో దాచి తీసుకెళ్లేవాళ్లం. ఇంట్లో ఉండే జిగురుతో అతికించే ప్రయత్నం అసలు చెయ్యకూడదు. పిల్ల చేత పుక్కిలింపించి, ఆ చోటు దూదితో తుడిచి పొడిగా చేశాను. క్లిప్పులతో పాటు ఇచ్చిన మైనం బఠాణీ గింజంత తీసుకుని, వేళ్ల మధ్య వెచ్చబడేదాకా ఉండ చేసి, బ్రాకెట్ మీద ఒత్తాను. తడి మీద పెడితే మైనం నిలవదు, జారిపోతుంది. తుడవడం అందుకే. ఇక చెంపకు గుచ్చుకోవడం ఆగింది. డాక్టరు గారికి ఫోన్ చేస్తే, నొప్పి లేదు, తీగ ఎక్కడా పొడుచుకోవడం లేదు కాబట్టి పండుగ అయ్యాక రమ్మన్నారు. నొప్పో, రక్తమో ఉంటే ఆగొద్దని కూడా చెప్పారు.

క్లినిక్‌లో కూర్చున్నప్పుడు నా గొంతులో కొంచెం ఫిర్యాదే ఉంది. "మేడమ్, ఒక్క టాఫీకే ఊడిపోయేటంత బలహీనంగా అతికిస్తారా?" అని అడిగేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. పంటి బొమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని ఓపిగ్గా చెప్పారు. ఈ బ్రాకెట్లు జీవితాంతం ఉండేవి కావు, ఏడాదిన్నర నుంచి రెండేళ్ల తర్వాత పంటి గట్టి పైపొరకు, అంటే ఎనామిల్‌కు, దెబ్బ తగలకుండా తియ్యాలి. అందుకే జిగురు మామూలు నమలడానికి తట్టుకునేటంత బలంగానే ఉంటుంది, అంతకు మించి ఉండదు. నమిలేటప్పుడు పడే ఒత్తిడిని అది ఓర్చుకుంటుంది. పట్టుకుని గుంజితే ఓర్చుకోలేదు. టాఫీ చేసే పని సరిగ్గా అదే. పళ్ళు మూసినప్పుడు బ్రాకెట్ చుట్టూ, తీగ కిందా దూరుతుంది. పళ్ళు తెరిచినప్పుడు ఇటు బ్రాకెట్‌నూ అటు ఎదుటి పంటినీ పట్టుకుని లాగుతుంది.

"గట్టిది ఒక్క దెబ్బతో విరగ్గొడుతుందమ్మా, అంటుకునేది నమిలిన ప్రతిసారీ లాగుతూ ఉంటుంది" అన్నారు.

ఆ మాటతో నా లెక్క మారిపోయింది. అన్ని రోజులూ నేను చూసింది మెత్తగా ఉందా, గట్టిగా ఉందా అనే. చూడాల్సింది పంటిని వదులుతుందా, పట్టుకుంటుందా అని కూడా.

ఇంటికొచ్చాక ఈ జిగురు సంగతి చదివాను. 1955లో మైకేల్ బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు ఎనామిల్‌ను కాసేపు ఫాస్ఫారిక్ ఆమ్లంతో తడిపి గరుకుగా చేస్తే దాని మీద రెసిన్ అనే జిగురు పదార్థం బాగా పట్టుకుంటుందని చూపించాడు. ఇప్పుడు పంటి మీద నేరుగా బ్రాకెట్ అతికించగలగడానికి మూలం అదే. అంతకు ముందు ప్రతి పంటికీ చుట్టూరా లోహపు పట్టీ బిగించేవాళ్లట. మా అమ్మాయికి ఇది చదివి వినిపిస్తే, బ్రాకెట్ మళ్ళీ అతికించేటప్పుడు నోట్లో పుల్లగా తగిలింది అదేనన్నమాట అంది.

ఊడితే మళ్ళీ అతికిస్తారు, నిజమే. కానీ ఊడి ఉన్నన్ని రోజులూ ఆ పన్ను మీద తీగ పట్టు ఉండదు. మిగతావి జరుగుతుంటే అది ఆగిపోతుంది, కొన్నిసార్లు వెనక్కి కూడా పోతుంది. మాటిమాటికీ ఊడితే వైద్యం అన్ని నెలలు సాగుతుంది. పిల్లకు ఈ ఒక్క సంగతి బాగా పట్టింది. ఒక్క టాఫీ వల్ల క్లిప్పులు ఇంకో నెల ఉంటాయంటే ఏ పిల్లైనా ఆగి ఆలోచిస్తుంది.

తర్వాతి పండుగ వచ్చేసరికి మాకో పద్ధతి కుదిరింది. అది నేను కనిపెట్టింది కాదు, మా అమ్మాయి కనిపెట్టింది. ఒక ఆదివారం బల్ల మీద రకరకాల తీపి ముక్కలు పరిచి కూర్చున్నాం. ఏవి ఉంచాలి, ఏవి తియ్యాలి అని నేను వేలితో నొక్కి చూస్తుంటే, తను లోపలికెళ్లి ఫోర్కు తెచ్చింది. "అమ్మా, దీని పళ్ళ మధ్య పెట్టి చూద్దాం. నా తీగల్లాగే ఉంది కదా" అంది. ఒక్కో ముక్కను ఫోర్కు పళ్ళ మధ్యకు నొక్కడం, ఒక నిమిషం ఆగడం, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నాలుగుసార్లు ఆడించి పైకి తియ్యడం. ఏం మిగిలిందో నోటుబుక్‌లో రాయడం తమ్ముడి పని. ఇదేమీ శాస్త్రం కాదు, నోట్లో ఉమ్మి ఉంటుంది, నాలుక ఉంటుంది. అయినా కళ్ళతో చూసిన తేడా మాటలతో చెప్పినదాని కంటే వంద రెట్లు పనిచేసింది.

మామూలు చాక్లెట్, గింజలేవీ లేనిది, నీళ్లలో గోధుమరంగు మబ్బులా కరిగి ఫోర్కును వదిలేసింది. ఐస్‌క్రీమ్ సంగతి చెప్పక్కర్లేదు. టాఫీ కదల్లేదు, నీళ్లు చల్లారేదాకా ఆడించినా పళ్ళ మధ్య బంకలా అలాగే ఉంది. జెల్లీ బిళ్ళలు నన్ను ఆశ్చర్యపరిచాయి. చూడ్డానికి ఎంత మెత్తగా, అమాయకంగా ఉంటాయో! ఫోర్కు పళ్ళ మధ్య ఇరుక్కుని, సాగి, చివర్లు తెగాయే తప్ప లోపలి ముక్క రాలేదు. ఎండు ద్రాక్ష, ఎండబెట్టిన పండ్ల ముక్కలు కూడా అంతే. ఆరోగ్యానికి మంచివని వాటిని నేను రోజూ డబ్బాలో పెట్టి పంపేదాన్ని.

అందరికంటే ఎక్కువ మోసం చేసింది మాత్రం బిస్కెట్. అది బ్రాకెట్‌ను ఊడగొట్టదు. కానీ తడవగానే పిండి ముద్దయి ఫోర్కు పళ్ళ సందులన్నిట్లో మెత్తింది. కడిగితే పైది పోయింది, మూలల్లోది పోలేదు. పెద్ద వేళ్లతో నేను తీసినా రాలేదు, క్లిప్పుల వాళ్ళకు ఇచ్చే సన్నటి కుచ్చు బ్రష్ పెట్టి తోస్తే వచ్చింది. అది చూసి మా అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వెళ్ళి అద్దంలో పళ్ళు చూసుకుంది.

ఇక్కడే నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్న విషయం ఉంది. ఊడిన బ్రాకెట్ కనిపిస్తుంది కాబట్టి అందరం దాని గురించే టెన్షన్ పడతాం. కనిపించకుండా జరిగే నష్టం ఇంకొకటి. మూడో నెల చెకప్‌లో పిల్ల చేత ఒక రంగు మాత్ర నమిలించి పుక్కిలించమన్నారు. పాచి ఉన్న చోటల్లా ముదురు గులాబీ రంగు నిలిచింది. పళ్ళ కొసలు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ప్రతి బ్రాకెట్ చుట్టూ, ముఖ్యంగా బ్రాకెట్‌కూ చిగురుకూ మధ్యనున్న ఇరుకు జాగాలో, గీత గీసినట్టు గులాబీ రంగు. రోజూ రెండుసార్లు తోముకునే పిల్ల నోరు అది.

తీపి తిన్నాక ఆ పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. కొద్ది నిమిషాల్లోనే పుల్లదనం పెరిగి, పీహెచ్ (పుల్లదనం పెరిగే కొద్దీ తగ్గే కొలత) 5.5 ప్రాంతం కన్నా కిందికి దిగితే ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. ఉమ్మి దాన్ని మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పాచి పేరుకుంటూ పోతే బ్రాకెట్ చుట్టూ సుద్దలాంటి తెల్ల మచ్చలు వస్తాయి. నెల రోజుల్లోనే మొదలుకావచ్చట. బ్రాకెట్‌ను పది నిమిషాల్లో అతికిస్తారు. ఆ మచ్చ మాత్రం క్లిప్పులు తీశాక కూడా చాలామందికి పూర్తిగా పోదు. రెండేళ్లు కష్టపడి వరస సరిచేసుకున్న పళ్ళ మీద, బ్రాకెట్ ఉన్న చోటు చుట్టూ చతురస్రాకారంలో తెల్ల మచ్చ మిగిలితే ఆ పిల్ల మనసు ఎలా ఉంటుందో ఊహించుకోండి. నాకు ఆ ఊహే భరించరానిదిగా అనిపించింది.

అందుకని ఏది తినాలి అన్నదానితో పాటు ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది కూడా లెక్కలోకి వచ్చింది. మా అమ్మాయి ఒకరోజు గట్టిగా వాదించింది. "పుల్లకు గుచ్చిన చప్పరించే బిళ్ళ నేను కొరకను కదా, చప్పరిస్తాను. మరి దానికేం భయం?" అని. నిజానికి మంచి ప్రశ్న. కొరకకుండా ఉండగలిగితే బ్రాకెట్‌కు ఏమీ కాదు. కానీ అది పావుగంట నోట్లో ఉంటుంది, ఆ పావుగంటా పళ్ళు చక్కెర నీళ్లలో నానుతాయి. పైగా చివరికొచ్చేసరికి ఎవరైనా పటుక్కున కొరికేస్తారు. నాలుగు చాక్లెట్ ముక్కలు భోజనం తర్వాత ఒకేసారి తినెయ్యడం, జేబులో పెట్టుకుని గంటకొకటి తినడం, రెండిట్లో చక్కెర ఒకటే, పళ్ళకు మాత్రం ఒకటి కాదు. భోజనం చేసినప్పుడు ఉమ్మి ఎక్కువ ఊరుతుంది, అది కాస్త కాపాడుతుంది. ఇది చెప్పాక మా ఇంట్లో ఒక నియమం పడింది: పండుగ తీపి ఎంతైనా తిను, అన్నం తిన్న వెంటనే, బల్ల దగ్గర కూర్చుని తిను, జేబులో వద్దు. తిన్నాక నీళ్లు పుక్కిలించాలి. పుల్లటి బిళ్ళలు, గ్యాస్ డ్రింకులు అయితే వెంటనే బ్రష్ చెయ్యకుండా అరగంట ఆగాలి, ఆమ్లంతో మెత్తబడిన ఎనామిల్ మీద రుద్దకూడదు కాబట్టి. రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తోమడం, తీగ కింద సన్నటి బ్రష్, ఈ రెండూ ఎంత నిద్ర వస్తున్నా ఆపడానికి లేదు.

మా అమ్మకు ఇదంతా నచ్చలేదు. "పండుగ పూట పిల్ల నోరు కట్టేస్తావా?" అని రెండుసార్లు అంది. నాకు బాధేసింది, ఎందుకంటే అందులో న్యాయం ఉంది. పిల్లలందరూ తింటుంటే ఒక్క పిల్ల చేతులు కట్టుకుని కూర్చోవడం ఏ తల్లి చూడగలదు? అదీ కాక, వద్దు అన్న కొద్దీ చాటుగా తింటారు. ఆ రోజు టాఫీ నేనిచ్చాను కాబట్టి వెంటనే వచ్చి చూపించింది. దొంగతనంగా తిని ఉంటే ఎన్ని రోజులు దాచేదో.

అందుకే ఆ ఏడాది వద్దు అనే జాబితా గోడకు అంటించడం మానేసి, ఏం పెట్టొచ్చో దాని మీదే పనిచేశాం. పని కొంచెం ఎక్కువైంది, అంతే. బాదం, జీడిపప్పు మొత్తంగా వెయ్యకుండా మెత్తటి పొడి చేసి పాలతో చేసే తీపిలో కలిపాను. రుచి అదే, పంటికి తగిలేది ఏమీ లేదు. కేకు పొడిగా, పెళుసుగా కాకుండా తేమగా చేశాను, పైన పాకం పొర లేకుండా. యాపిల్‌ను కొరకనివ్వకుండా పల్చటి ముక్కలు కోసి, కొన్నిటిని ఆవిరి మీద మెత్తబెట్టాను. మొక్కజొన్న కండె నుంచి గింజలు ఒలిచి గిన్నెలో ఇచ్చాను. అరటిపండు, మామిడిపండు ఎలాగూ ఉన్నాయి. చాక్లెట్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం మానేశాం. అదే చాక్లెట్ చల్లగా ఉంటే కొరికేటప్పుడు రాయిలా ఉంటుంది, బయట ఉంటే నాలుక మీద కరుగుతుంది. అయినా ముందు చిన్న ముక్కలు చేసుకుని, దవడ పళ్ళతోనే నమలాలి.

పాప్‌కార్న్ దగ్గర మాత్రం నేను మెత్తబడలేదు. పొంగని గింజ ఒకటి తగిలితే చాలు, బ్రాకెట్ పోతుంది. అది తగలకపోయినా, పైనుండే పల్చటి పొట్టు చిగురు కిందికి దూరి కూర్చుంటుంది, క్లిప్పులున్నప్పుడు దాన్ని తియ్యడం నరకం. పిల్ల చాలా అడిగింది. వద్దనే చెప్పాను, ఎందుకో చెప్పాను, దాని బదులు నోట్లో వేసుకోగానే కరిగిపోయే మొక్కజొన్న పఫ్‌లు ఇచ్చాను. అవి కూడా పిండి ముద్దవుతాయి కాబట్టి అన్నంతో పాటే.

ఇంకో చిన్న సంగతి, కానీ మాకు చాలా పనికొచ్చింది. తీగ బిగించాక రెండు మూడు రోజులు పళ్ళు సలుపుతాయి, మెత్తటి అన్నం నమలడం కూడా కష్టం. మొదటి పండుగకు బిగింపు సరిగ్గా రెండు రోజుల ముందు పడింది. టాఫీ ఇవ్వడానికి అది కూడా ఒక కారణం, ఇంకేమీ తినలేకపోతోంది అని. ఈసారి ముందే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ పండుగ తర్వాతకు మార్పించుకున్నాను. ఒక్క ఫోన్ కాల్. ఎవరూ చెప్పలేదు, అడిగితే కాదనలేదు.

వేరే ఇళ్లకు వెళ్ళినప్పుడు ఏం చెయ్యాలన్నది చివరిదాకా కొంచెం ఇబ్బందే. ప్రేమతో ఇచ్చింది వద్దంటే నొచ్చుకుంటారు. దీనికి తనే దారి వెతుక్కుంది. ఇచ్చింది తీసుకుంటుంది, థాంక్స్ చెప్తుంది, ఇంటికి తెస్తుంది. తనకు పనికిరానివి తమ్ముడికి, వాడికొచ్చిన మామూలు చాక్లెట్లు తనకు. పండుగ రాత్రి ఇద్దరూ మంచం మీద తమ వాటాలు పోసుకుని బేరాలాడుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి చూశాను. ఒక టాఫీకి రెండు చాక్లెట్లు అడుగుతోంది. వాడు ఒకటిన్నర దగ్గర ఆగాడు. బేరం తెగాక రెండిటినీ మర్నాటి భోజనం దాకా డబ్బాలో పెట్టేశారు.

పండుగ తర్వాతి చెకప్‌లో డాక్టరు గారు చిన్న అద్దం పెట్టి ఒక్కో బ్రాకెట్‌నూ పరికరంతో తట్టి చూశారు. ఇరవైకి ఇరవై గట్టిగా ఉన్నాయి. పై వరసలో ఎడమవైపు పక్క పన్ను మీద, చిగురు దగ్గర, ఒక చిన్న తెల్లటి గీత ఉందని చూపించారు. గాలి ఊది ఆరబెడితే నాకు కూడా కనిపించింది. ఇప్పుడిప్పుడే మొదలైందని, ఫ్లోరైడ్ పూత వేస్తానని, అక్కడ బ్రష్‌ను కాస్త వంచి తోమమని చెప్పారు. పిల్ల అద్దం అడిగి తీసుకుని ఆ గీతను చాలాసేపు చూసింది. ఇంటికొచ్చాక నోటుబుక్‌లో బిస్కెట్ అని రాసున్న పేజీ తీసి, దాని పక్కన ఆ పన్ను బొమ్మ వేసి, గీత ఉన్న చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంది. మళ్ళీ ఆరు వారాల తర్వాత వెళ్ళాలి.